చవక వాద్యమూ, ఖరీదైన హితవూ

చాలా రోజుల తరువాత మళ్ళీ ఒక టపా రాస్తున్నాను. రాయించినది ఒక వాక్యం. "చవకది కొనడం కంటే అసలు కొనకపోవడమే మేలు." సంగీతం తెలిసినవారి నోట ఈ మాటను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరిసారి అన్నవారు హైదరాబాదులో ఉండే నా మిత్రులొకరు. ఆయన సంగీతజ్ఞానాన్ని నేను శంకించను. ఆయన లెక్కను శంకిస్తున్నాను. ఆ శంక ఎందుకో చెప్పడానికే ఈ టపా.

నేను దంతాలపల్లిలో తెలుగు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. మా ఊరు ఒకప్పుడు నర్సింహులపేట మండలంలోనిది. 2016లో మానుకోట జిల్లా ఏర్పడినప్పుడు తానే మండలకేంద్రమయింది. బడిలో పాడే పిల్లలు ఆరుగురున్నారు. వారికి తోడు నా పాత హార్మోనియం, ఒక డోలకు, రెండు జతల తాళాలు. పంద్రాగస్టుకూ, ఛబ్బీస్ జనవరికీ, బతుకమ్మ సెలవుల ముందూ పాడతారు. గొంతులన్నీ పిల్లల గొంతులే గనుక అన్నీ పైస్థాయివే. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె, మంచి శ్రుతిజ్ఞానం కలది, ఒకనాడు తన ఫోనులోని సినిమా పాట వినిపించి, "సార్, దీంట్ల కింద దుమ్ దుమ్ అని ఒకటి వస్తది గదా. మన పాటకు అది లేదు సార్" అన్నది. ఆ పిల్ల అడిగినది మంద్రస్థాయిని. పేరు తెలియక అడిగింది, అంతే.

బాస్ గిటారు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టలేను. దాని తీగ మోగే పొడవు సాధారణంగా 34 అంగుళాలు. మొదటి మెట్టును అందుకోవడానికి ఎడమచేతిని బారజాపవలసి వస్తుంది. బాస్ యుకులేలేకు ఆ పొడవు ఇరవై, ఇరవై ఒక్క అంగుళాలే. అయినా అదే నాలుగు తీగలు, అదే ఇ, ఎ, డి, జి శ్రుతి. అమెరికాలో ఓవెన్ హోల్ట్ అనే వాద్యనిర్మాత చేసిన ప్రయత్నం కాలా అనే సంస్థ ద్వారా యు-బాస్ అన్న పేరుతో లోకానికి చేరింది. ఆ తరువాత దానిని పోలినవి, చవకవి, అనేకం వచ్చాయి. నా చూపు ఆ చవకవాటి మీద పడింది.

మిత్రుని హితవు ఇది: "రెండేళ్ళు కూడబెట్టు. పేరున్నది కొను. ప్లైవుడ్ డబ్బాలు కొని పిల్లల చెవులు పాడు చేయకు."

రెండేళ్ళు! తొమ్మిదో తరగతి పిల్లకు రెండేళ్ళు అంటే ఏమిటో పట్నంలోని మిత్రునికి తట్టలేదు. ఆలోగా పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ఆ జూన్‌లో ఆమె ఇంటరుకు తొర్రూరో మానుకోటో వెళ్తుంది, లేదా ఇంటి దగ్గర ఆగిపోతుంది. నేను కూడబెట్టిన సొమ్ముతో మేలైన వాద్యం వచ్చేనాటికి దానిని అడిగిన చేయి ఇక్కడ ఉండదు. "ఆగు" అన్న హితవు ఆగగలిగిన వారికి చెల్లుతుంది. మంచి రుచి కలవారు సాధారణంగా ఆగగలిగినవారే కావడం యాదృచ్ఛికం కాదు.

కొన్నాను. ఆన్‌లైన్‌లో, దొరికినవాటిలో దాదాపు అడుగుధరకు. ఏ దుకాణమో, ఏ పేరో ఇక్కడ అప్రస్తుతం. పది రోజులు మిత్రుని మాటే నిజమయింది. సన్నని తీగలు రెండూ పరవాలేదు. లావు తీగ మాత్రం మీటితే పలకడానికి బదులు మెట్లకు కొట్టుకుని చిటపటలాడింది. పిల్ల ఏమీ అనలేదు. వాద్యాన్ని సంచిలో పెట్టి మళ్ళీ తాళాలు అందుకుంది. ఆ మౌనం నన్ను మిత్రుని హితవు కంటే ఎక్కువ బాధించింది.

అప్పుడు ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి పెద్దాయన ఒకరు పని మీద బడికి వచ్చారు. జమిడిక వాయించే మనిషి. జమిడికను చూడని చదువరుల కోసం ఒక మాట: అది ఒకవైపు తోలు మూసిన గుండ్రని పాత్ర. తోలు నడుమ నుంచి నరం బయటికి వస్తుంది. పాత్రను చంకలో ఇరికించుకుని, నరం కొసను ఒక చేత్తో లాగి పట్టి, మరో చేత్తో మీటుతారు. లాగినకొద్దీ స్వరం పైకి, వదిలినకొద్దీ కిందికి. ఒక్క నరంతో కథ పొడుగునా మంద్రం నడిపే వాద్యమది. ఆయన నా యుకులేలేను తీసుకుని, ముందు డబ్బాను వేలి కణుపుతో తట్టి, తరువాత లావు తీగను రెండుసార్లు లాగి వదిలి, "సారూ, డబ్బ మంచిగనే ఉన్నది. నరమే సచ్చింది. నరం మార్చు" అన్నారు.

ఆ మాట ఎంత శాస్త్రీయమో ఇంటికి వెళ్ళి లెక్క వేసుకున్నాక బోధపడింది. తీగ స్థాయిని నిర్ణయించేవి మూడు: పొడవు, బిగువు, బరువు. 1636లో ఫ్రాన్సులో మెర్సెన్ అనే పండితుడు ప్రకటించిన సూత్రమిది. బాస్ గిటారు లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అదే తీగను అదే బిగువుతో 34 అంగుళాల నుంచి ఇరవైన్నర అంగుళాలకు కుదిస్తే స్థాయి సుమారు 1.66 రెట్లవుతుంది. తిరిగి 41కి దించాలంటే తీగ బరువును 2.75 రెట్లు పెంచాలి, లేదా బిగువును ఆ మేరకు తగ్గించాలి. బిగువు మరీ తగ్గితే తీగ వదులై మెట్లకు తగులుతుంది. ఉక్కును మరీ లావు చేస్తే అది తీగగా కాక కడ్డీగా ప్రవర్తించి, దాని ఉపస్వరాలు శ్రుతి తప్పుతాయి. కనుకనే తొలి యు-బాస్‌కు పాలియురెథేన్ అనే మెత్తని, రబ్బరు వంటి పదార్థంతో చేసిన లావు తీగలు వేశారు. బరువూ ఉంటుంది, వంగే గుణమూ ఉంటుంది. నా చవక వాద్యానికి వచ్చిన నాలుగో తీగకు చాలినంత బరువు లేదు. రహస్యమంతా అదే.

తీగలు మార్చాను. వాద్యం ధరలో నాలుగో వంతుకు పైగా ఆ నాలుగు తీగలకే అయింది. పెట్టవలసిన చోట పెట్టిన డబ్బు అది. కొత్త పాలియురెథేన్ తీగలు మొదటి నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటాయి. గంటకొకసారి శ్రుతి దిగిపోతుంది. అది తీగ లోపం కాదు, స్వభావం. ఓపికగా మెల్లగా లాగి మళ్ళీ బిగించుకుంటూ పోవాలి. వారం తరువాత నిలకడ వచ్చింది. ఆ పిల్ల మళ్ళీ తాళాలు వదిలింది.

ఇప్పుడు నా మిత్రునితోనూ, ఆయన వలె ఆలోచించే సహ బ్లాగరులతోనూ నా వాదన.

వాద్యం కొనేవానికి మీరు చెప్పే హితవులో మొదటి స్థానం కర్రది. ఏ చెట్టు, ఏ దేశం, ఒకే పలకా లేక అతుకులా అని. ఒంటిగా, మైకు లేకుండా వాయించే వీణకు ఆ ప్రశ్న న్యాయమైనది. బొబ్బిలి వీణను పనస దుంగలో తొలుస్తారంటే దానికి కారణముంది. కాని బాస్ యుకులేలే బుల్లి డబ్బా 41 హెర్ట్జ్ ధ్వనిని గదిలోకి స్వయంగా తోయలేదు. ఎంత గొప్ప కర్ర అయినా తోయలేదు. బ్రిడ్జి కింద దాచిన పీజో పట్టీ తీగ కంపాన్ని విద్యుత్తుగా మారిస్తే, స్పీకరు దానిని మోగిస్తుంది. ఇటువంటి వాద్యంలో తీగ మొదటిది, పీజో రెండవది, స్పీకరు మూడవది, కర్ర నాలుగవది. మీరు నాలుగవదానికి డబ్బు కూడబెట్టమంటున్నారు.

పైగా మా ఊరి మే నెలను మీరు మరచిపోయారు. ఒకే పలకతో చేసిన ఖరీదైన వాద్యాలు గాలిలో తేమ తగ్గితే కుంచించుకుని పగులుతాయి. వాటిని తేమ చూసుకుంటూ పెట్టెలో కాపాడాలి. రేకుల కప్పు కింద, వడగాడ్పుల్లో, ఇనుప బీరువాలో ఉండవలసిన బడి వాద్యానికి మీరు ఈసడించే ప్లైవుడ్డే శ్రేయస్కరం. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి గనుక అది అంత తేలికగా పగలదు. చవకతనం ఇక్కడ రాజీ కాదు, సరియైన ఎంపిక.

ఇక అసలైన ఫిర్యాదు. చవకగా దొరికి, ఎక్కడికైనా మోసుకుపోదగిన వాద్యం వచ్చినప్పుడల్లా రుచి పేరిట దానిని గుమ్మంలో నిలబెట్టడం మనకు అలవాటు. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని గెంటివేసింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. దానికి గమకం పలకదన్న విమర్శ అబద్ధం కాదు. కాని ఆ ముప్పై ఏళ్ళూ మన నాటక సమాజాలూ, పల్లె భజన బృందాలూ దేనిని నమ్ముకుని పాడాయి? మరోవైపు, వెదురు కర్రకు సొరబుర్రలు కట్టి చేసిన పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాము. సొరబుర్ర ఖరీదెంత? వాయించే చేయి పేరు పొందాక బీద డబ్బా మనకు ముచ్చటగా కనబడుతుంది. పేరు పొందకముందు అదే డబ్బా చెవులు పాడు చేస్తుంది!

విదేశీ వాద్యం ఎందుకు, జమిడికే నేర్పరాదా అని అడిగేవారూ ఉన్నారు. నేర్పాలి, ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఆయన చేతనే నేర్పించాలని నాకు ఆశ. కాని ఆ ప్రశ్న వేసేవారి ఇళ్ళలో పియానో నేర్చే పిల్లలుంటారు. ఆ యుకులేలే కూడా పుట్టుకతో ఏ దొరలదీ కాదు. 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలికి రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో హవాయి చేరిన పోర్చుగీసు వారి చిన్న వాద్యం నుంచి పుట్టింది. కూలికి పోయినవారి వెంట వెళ్ళిన వాద్యం మా ఊరికి పరాయిది కాదు.

న్యాయంగా ఒప్పుకోవలసినది ఒకటి ఉంది: ప్రతి చవక వాద్యమూ మంచిది కాదు. కొన్ని నిజంగానే పనికిరావు. అందువల్ల "కొనవద్దు" అనడం కాక, ఎలా చూసి కొనాలో చెప్పడం తెలిసినవారి ధర్మం. నేను దెబ్బతిని నేర్చినది చెబుతాను.

మొదట పన్నెండో మెట్టు చూడండి. ఫోనులో శ్రుతి చూపే ఆప్ పెట్టుకుని, తీగను వదిలి ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం, పై స్థాయిలో, రావాలి. తీగలు మార్చినా బాగా తేడా వస్తుంటే ఆ వాద్యాన్ని తిప్పి పంపండి. కొలత తప్పిన మెట్లను ఏ తీగా బాగుచేయదు. రెండవది, నాలుగు తీగలూ స్పీకరులో ఇంచుమించు ఒకే బలంతో మోగాలి. ఒకటి మూగగా ఉంటే పీజో పట్టీ సరిగా కూర్చోలేదని అర్థం. మూడవది, బిరడాలు జారకూడదు. నాలుగవది, ఏ రకం తీగల కోసం చేసినదో ముందే అడగండి. పాలియురెథేన్ తీగలు లావు. వాటి కోసం చేసిన గాడుల్లో సన్నని లోహపు చుట్టు తీగలు అటూ ఇటూ కదులుతాయి. సన్నని గాడుల్లో లావు తీగలు దిగవు. లోహపు తీగల బిగువును తట్టుకునేలా బ్రిడ్జి లేకపోతే లేచిపోవచ్చు కూడా. మెత్తని తీగలు వేళ్ళకు అతుక్కున్నట్టు తోస్తే ఇటలీ ఆక్విలా వారి థండర్‌గట్ వంటివి ఉన్నాయి. చివరిగా, ఊరి మైకు సెట్టు హారనుకు తగిలించి మంద్రం రాలేదని వాద్యాన్ని తిట్టకండి. హారను అంత కిందికి పలకదు. పెట్టె స్పీకరు కావాలి.

ఇంతే. డబ్బా మీద తగ్గించండి, తీగల మీద తగ్గించకండి, కాలం మీద అసలు తగ్గించకండి.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతిలో ఉన్నది. మార్చి తరువాత ఎక్కడుంటుందో తెలియదు. ప్రస్తుతం సాయంత్రం ఇంటి గంట కొట్టాక ఏడో తరగతి పిల్లవానికి లావు తీగ ఎలా మీటాలో నేర్పుతున్నది. వాడు గట్టిగా మీటితే, "మెల్లగరా, నరం సస్తది" అని కసురుతున్నది.

నా వాదనలో తప్పుంటే విజ్ఞులు వ్యాఖ్యలలో దిద్దగలరు; హైదరాబాదు మిత్రునికి ప్రత్యేక ఆహ్వానం. అయితే ఒక విన్నపం. ఈసారి హితవుతో పాటు ఒక జత తీగలు కూడా పంపండి. సాగిపోయినప్పుడు పనికివస్తాయి.

ఉంటాను.