షుగర్ కంట్రోల్‌లోనే ఉంది.. మరి గుండెపోటు ఎందుకొచ్చింది? అసలు దెబ్బ రక్తనాళాల లోపలి పొరకే!

'నాన్నకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదా డాక్టర్.. మరి హార్ట్ ఎటాక్ ఎలా వచ్చింది?' గుండె జబ్బుల వార్డుల దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. రిపోర్టులో నంబర్ బాగుంటే అంతా బాగున్నట్టే అనుకుంటారు చాలామంది. చిక్కంతా అక్కడే ఉంది.

రక్తనాళాల లోపలి వైపు ఒకే ఒక్క కణం మందంలో పలచని పొర ఉంటుంది. పేరు ఎండోథీలియం. ఇది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. దాంతో నాళం వదులై రక్తం సాఫీగా పారుతుంది, గడ్డలు కట్టకుండా ఉంటుంది. ఈ వాయువు పనితీరును కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ కూడా వచ్చింది. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఈ వాయువు తగ్గిపోతుంది. పొర దెబ్బతిని, కొవ్వు గోడలోకి చేరుతుంది. కళ్లు, కిడ్నీలు, గుండె.. అన్నిటికీ ముప్పు పెరుగుతుంది.

అలాగైతే షుగర్‌ను ఇంకా గట్టిగా దించేస్తే సరిపోదా? 10 వేల మందికి పైగా పాల్గొన్న అకార్డ్ ట్రయల్‌లో అదే చేసి చూశారు. షుగర్‌ను దాదాపు మామూలు స్థాయికి దించాలని చూసిన గ్రూపులో మరణాలు పెరిగాయి. 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ కొత్త రూల్ పెట్టింది. షుగర్‌కు తెచ్చే ప్రతి కొత్త మందూ గుండెకు ముప్పు పెంచదని నిరూపించాల్సిందే అంది.

ఆ పరీక్షల్లోనే సీన్ మారింది. 2015లో గుండె జబ్బు ఉన్న 7,020 మంది షుగర్ పేషెంట్లపై జరిగిన స్టడీలో ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర గుండె సంబంధిత మరణాలను 38 శాతం తగ్గించింది. షుగర్ నంబర్‌లో మాత్రం రెండు గ్రూపుల మధ్య తేడా కొంచెమే. మరుసటి ఏడాది లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 13 శాతం తగ్గాయి.

మరి ఇదంతా లోపలి పొర బాగుపడటం వల్లేనా? అలా తేల్చి చెప్పలేం. మెట్‌ఫార్మిన్ సహా ఈ మందులు పొరకు మేలు చేస్తున్నట్టు ల్యాబ్ పరీక్షలు, చిన్న స్టడీలు చెబుతున్నాయి. కానీ ఎంపాగ్లిఫ్లోజిన్ స్టడీలో గుండెపోట్లు పెద్దగా తగ్గలేదు. గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడం బాగా తగ్గింది. ఒంట్లో అదనపు నీరు, ఉప్పు బయటికి పోవడం కూడా ఓ కారణం కావచ్చు. కాబట్టి 'రక్తనాళాలను క్లీన్ చేసే మాత్ర' అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మొద్దు.

ఇప్పుడీ చర్చ ఎందుకంటే.. ధర. 2025 మార్చిలో మన దేశంలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిసింది. రూ.60 దాకా ఉన్న మాత్ర కొన్ని జెనరిక్ బ్రాండ్లలో రూ.10 లోపే దొరుకుతోంది. నెలకు రూ.1,800 ఖర్చు రూ.300 లోపుకి వచ్చినట్టు. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం 10 కోట్ల మందికి పైగా షుగర్ పేషెంట్లున్న దేశంలో ఇది చిన్న విషయమేం కాదు.

అలాగని మెడికల్ షాపులో అడిగి కొనేసేది కాదు. జననాంగాల దగ్గర ఫంగల్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం లాంటి ఇబ్బందులు రావొచ్చు. టైప్ 1 వారికి ఇది సరిపడదు. వాంతులతో ఏమీ తినలేకపోతున్నా, కఠిన ఉపవాసం ఉంటున్నా, ఆపరేషన్ ఉన్నా ఈ మాత్ర వాడుతున్నట్టు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఎందుకంటే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదకర పరిస్థితి రావొచ్చు. అప్పుడు గ్లూకోమీటర్‌లో నంబర్ మామూలుగానే కనిపించొచ్చు.