పానా నా చేతిలో, తాళం వాళ్ల దగ్గర

శ్రీశైలం పోయే బండ్లకు పెద్దదోర్నాలలో ఒక తొందర ఉంటుంది. రాత్రి 9 గంటలకు అటవీశాఖ చెక్‌పోస్టు గేటు పడిందంటే మళ్లీ ఉదయం 6కే తీసేది. ఆలోపే ఘాటెక్కాలి. సుమారు 50 కిలోమీటర్లు, దారంతా నల్లమలే. అందుకే సాయంత్రం పూట నా షెడ్డు ముందు ఆగినవాడు టీ కూడా తాగడు. "అన్నా, ఎంతసేపు పడుతుంది?" అన్నదే మొదటి మాట. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ ముప్పై ఏళ్లకు పైగా బతికాను. పోయిన కార్తీకంలో ఒకరోజు చెప్పలేకపోయాను.

ఒక కుర్రాడు, వెనక సీట్లో వాళ్లమ్మ. కొత్త బండి. ఏ కంపెనీదన్నది వదిలేద్దాం, ఇప్పుడొచ్చేవన్నీ ఆ తీరువే. మీటర్లో పసుపు దీపం వెలుగుతోంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు. ప్లగ్గు చూశా, పెట్రోలు చూశా, ఫ్యూజులు చూశా. ఆపైన నాకు దారి లేదు. ఆ దీపం ఏం చెబుతోందో చదవాలంటే కంపెనీవాళ్ల యంత్రం తగిలించాలి. చివరికి బండిని ట్రాలీ ఆటో ఎక్కించి మార్కాపురం పంపాం. తల్లీకొడుకులు తెల్లారి బస్సులో కొండెక్కారు. నాలుగు రోజులకు ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. ఒక సాకెట్లో పిన్ను వదులైందట.

నేను పని నేర్చుకున్నది బుల్లెట్టు మీద. 346 సీసీ పోత ఇనుము ఇంజిన్. అదేదీ దాచుకునేది కాదు. పిస్టన్ ఎక్కడుందో ట్యాంకు ముందున్న ఆంపియర్ ముల్లు చెప్పేది. డీకంప్రెషర్ లివర్ పట్టి, కిక్కు మెల్లగా నొక్కి, ముల్లు నడిమికి వచ్చాక ఒక్క తన్ను. టైమింగ్ తేడా ఉంటే తిరిగి కాలినే తన్నేది. అది కూడా ఒక కబురే. పాయింట్లు కాలిపోతే గరుకు కాగితంతో రుద్ది, కొలత బిళ్ల లేకపోతే సిగరెట్ పెట్టె అట్ట ముక్క పెట్టి సందు సరిచేసేవాళ్లం. శివరాత్రి తిరణాలకు పోయే బండ్లను పెట్రోమాక్స్ వెలుగులో అలాగే లేపి కొండకు పంపాను. పలకల గనుల యజమానులు, కాంట్రాక్టర్లు, పోలీసులు, అందరివీ అవే బండ్లు. తర్వాత డీజిల్ బుల్లెట్టు వచ్చింది. అది దూరంగా వస్తుంటే పొలంలో నీళ్ల ఇంజిను ఆడుతోందనుకునేవాళ్లం.

ఆ బుల్లెట్టు కంపెనీ కథ వింటే నాకు ముచ్చటేస్తుంది. ఇంగ్లండ్‌లో రెడ్డిచ్ అనే సూదుల ఊళ్లో 1901లో తొలి మోటారుసైకిల్ చేశారు. బుల్లెట్ పేరు 1932 నాటిది. మన సైన్యానికి ఆ బండి నచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో బిగించేవారు. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మరో మూడేళ్లకు ఇంగ్లండ్‌లో తయారీయే ఆగింది. అత్తవారింటి బిడ్డ మాత్రం నిలబడింది. 1977లో మద్రాసు బుల్లెట్టు ఇంగ్లండ్‌కే ఎగుమతై పుట్టిల్లు చూసొచ్చింది.

ఇక్కడా గండాలు తప్పలేదు. 1994లో ఐషర్ కంపెనీ చేతికి వచ్చాక కూడా, 2000 నాటికి నెలకు 2,000 బండ్లు అమ్మడమే గగనం. అప్పుడు పగ్గాలు పట్టిన సిద్ధార్థ లాల్‌కు 26 ఏళ్లు. 2009లో క్లాసిక్‌తో కొత్త ఇంజిన్ ఊపందుకుంది. 2024-25లో ఏడాది అమ్మకాలు 10 లక్షలు దాటాయి. ఆ ఘనత ఆయనకు, ఇంజినీర్లకు దక్కాల్సిందే. కానీ గిరాకీ లేని రోజుల్లో పాత బుల్లెట్టు పాత ఇనుము కొట్టుకు పోకుండా ఆపిందెవరు? దోర్నాల, గిద్దలూరు, కంభం లాంటి ఊళ్లలో చెట్ల కింద పానాలు పరుచుకుని కూర్చున్నవాళ్లు. కంపెనీ చరిత్ర పుస్తకంలో వాళ్ల పేర్లు ఉండవు. కొనేవాడికి మాత్రం వాళ్లే ధైర్యం. ఎక్కడ ఆగినా ఒకడు దొరుకుతాడన్న ధైర్యం.

కొత్త బండ్లు చెడ్డవని నేననను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పొగ తగ్గింది. ఘాటు మలుపుల్లో ఏబీఎస్ ఎంత మేలో రోజూ చూస్తున్నాను. నా గొడవ యంత్రంతో కాదు, దానికి వేసిన తాళంతో. కేంద్రం 2022 డిసెంబర్‌లో 'రిపేరు హక్కు' పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. మంచిదే. అయితే పోర్టల్ పెట్టినంత మాత్రాన నా షెడ్డులో పసుపు దీపం ఆరదు. రిపేరు సమాచారం కంపెనీలు ఇష్టమైతే ఇచ్చేదిగా కాకుండా తప్పక ఇవ్వాల్సినదిగా చట్టం రావాలి. లోపం చదివే పరికరం మాబోటివాళ్లు కొనగలిగే ధరకు రావాలి. వైరింగ్ పటం తెలుగులో ఉండాలి. మార్కాపురం లాంటి పట్టణాల్లో ఏడాదికి పది రోజులైనా శిక్షణ పెట్టాలి.

మాకు చేతకాక అడుగుతున్నామనుకోవద్దు. వదులైన పిన్ను నొక్కడానికి నాకు అర నిమిషం చాలు. అదెక్కడుందో చెప్పమంటున్నాను, గేటు పడేలోపు.