జిద్దీ కాదు, తక్లీఫ్

షాదీఖానాలో మర్ఫా మోగగానే చెవులు మూసుకుని టేబుల్ కిందికి దూరే పిల్లాణ్ణి చూసి మనవాళ్లు ఫైసలా చెప్పేస్తారు: "జిద్దీ!" ఇంకొకరు "నజర్ లగ్ గయీ" అంటారు. ఒక ఖాలా ఏకంగా సాయా అని, తావీజ్ కట్టించమంటుంది. తల్లి మొహం వైపు మాత్రం ఎవరూ చూడరు.

నాకు గుస్సా అక్కడే. ఆటిజం ఉన్న చాలామందికి శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ మనకు అందినట్టు అందవు. కొందరికి కుక్కర్ విజిల్ చెవిలో మేకు దిగినట్టే. జరీ షేర్వానీ మెడకు ఉప్పుకాగితం రుద్దినట్టే. బిర్యానీ వదిలి ఉత్త అన్నం తినేది నఖ్రా కాదు, ఆ మసాలా ఘాటు నాలుకకు బర్దాష్త్ కాక. కొందరికి ఉల్టా, వేడి గిన్నె తగిలినా చెయ్యి వెనక్కి తీసుకోరు. ఇదేం నా ఖయాల్ కాదు. పెద్ద చప్పుళ్లకు బెదిరే పిల్లల గురించి లియో కానర్ 1943లోనే రాశాడు. 2013లో డీఎస్ఎం-5 దీన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది.

"అలవాటు చేస్తే అదే పోతుంది" అంటారు చాచాలు. చెవిపోటు ఉన్నోణ్ణి స్పీకర్ పక్కన కూర్చోబెడితే పోటు పోతుందా మియా?

పసిబిడ్డ ఏడుపు వినపడితే తల్లి తక్లీఫ్ తలచి నమాజునే కుదించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం. డీజే తగ్గించమంటే మాత్రం "ఒక్కరోజు ఖుషీ కదా" అంటాం!

ఈద్‌కి వాడికి పాత కాటన్ కుర్తా వేసిందని కోడల్ని సతాయించకండి. గలే మిలబోతే వాడు వెనక్కి జరిగితే దూరం నుంచే సలాం చెప్పండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని దస్తర్‌ఖాన్ దగ్గరికొస్తే జరిగి చోటివ్వండి, ఉత్త అన్నం వడ్డించండి.