కాంప్లిమెంట్ మందులు: ముందు ఎవరికి?

కాంప్లిమెంట్ ఇన్హిబిటర్ల గురించి ప్రిలిమ్స్‌కైతే రెండు లైన్ల నోట్సు చాలు. ఏ ప్రోటీన్‌ను ఆపుతాయి, ఏ జబ్బుకు వాడతారు, అంతే. మెయిన్స్ జవాబు రాద్దామని కూర్చున్నప్పుడే అసలు ప్రశ్న ఎదురైంది. ఆస్తమా, సీఓపీడీ లాంటి దీర్ఘకాలిక శ్వాస జబ్బులకూ ఈ మందులు పనికొస్తాయేమోనని పరిశోధన సాగుతోంది. అలాంటప్పుడు ప్రభుత్వం వీటిని కొనాలా? కొంటే ముందు ఎవరికి? నా అభిప్రాయం మొదటే చెబుతాను. శ్వాస జబ్బులకు ఇప్పుడే వద్దు. అరుదైన రోగనిరోధక జబ్బులకు మాత్రం ఇక ఆలస్యం వద్దు.

ముందు విషయం అర్థం చేసుకుందాం

కాంప్లిమెంట్ అంటే మన రక్తంలో ఉండే 30కి పైగా ప్రోటీన్ల వ్యవస్థ. దీనిపై చేసిన కృషికి సంబంధించి జూల్స్ బోర్డే 1919 సంవత్సరపు నోబెల్ అందుకున్నారు. క్లాసికల్, లెక్టిన్, ఆల్టర్నేటివ్ అనే మూడు దారుల్లో ఇది మొదలవుతుంది. మూడూ సీ3 దగ్గర కలుస్తాయి. తర్వాత సీ5 రెండుగా విడిపోతుంది. అందులో సీ5బీ మరికొన్ని ప్రోటీన్లతో కలిసి సూక్ష్మజీవి పొరకు రంధ్రం చేస్తుంది. సీ5ఏ తెల్లరక్తకణాలను పిలిచి వాపును పెంచుతుంది. ఈ వ్యవస్థ అదుపు తప్పితే సొంత కణాలపైనే దాడి మొదలవుతుంది.

2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎకులిజుమాబ్ సీ5ను అడ్డుకునే యాంటీబాడీ. ఎర్రరక్తకణాలు పగిలిపోయే పీఎన్‌హెచ్ జబ్బుకు మొదట వచ్చింది. 2011లో కిడ్నీలను దెబ్బతీసే ఏహెచ్‌యూఎస్‌కు, 2017లో మయస్థీనియా గ్రావిస్‌కు విస్తరించింది. 2021లో నోటి ద్వారా తీసుకునే అవకోపాన్, 2023లో ఇప్టకోపాన్ వచ్చాయి. అంటే ఇది ఊహ దశలో ఉన్న శాస్త్రం కాదు. సరైన జబ్బులో ఈ మందులు ప్రాణాలు నిలబెడుతున్నాయి.

శ్వాస జబ్బుల మాటేమిటి?

తర్కం బాగానే ఉంది. సీ5ఏ శ్వాసనాళాల్లోకి వాపు కణాలను రప్పిస్తుంది, మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. దాన్ని ఆపితే ఆయాసం తగ్గాలి కదా? కానీ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో సీ5ఏకు రెండు ముఖాలు కనిపించాయి. అలర్జీ ముదిరాక అది హాని చేస్తుంది. అలర్జీ ఇంకా ఏర్పడుతున్న దశలో మాత్రం రక్షణగా నిలుస్తుంది. ఆ దశలో ఆపితే అలర్జీ పెరగవచ్చు.

కోవిడ్ కూడా ఒక పాఠం నేర్పింది. తీవ్ర కోవిడ్‌లో రవులిజుమాబ్ మీద జరుగుతున్న ట్రయల్‌ను, ప్రయోజనం కనిపించక 2021 ఆరంభంలో ఆపేశారు. సీ5ఏను అడ్డుకునే విలోబెలిమాబ్‌కు మాత్రం 2023 ఏప్రిల్‌లో అమెరికాలో అత్యవసర అనుమతి దొరికింది. రెండూ ఒకే దారిలోని మందులే, ఫలితాలు వేరు. ఆస్తమాకు గానీ సీఓపీడీకి గానీ ఆమోదం పొందిన కాంప్లిమెంట్ మందు ఇంతవరకు లేదు.

భద్రత సంగతీ ఉంది. సీ5ను ఆపితే మెనింగోకాకల్ ఇన్ఫెక్షన్ ముప్పు సాధారణం కంటే వెయ్యి నుంచి రెండు వేల రెట్లు పెరుగుతుంది. మందుకు ముందే టీకా వేయాలి, ఆ తర్వాతా జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ టీకా మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. వందల మందిలో ఈ ముప్పును కనిపెట్టుకుని ఉండవచ్చు. కోట్ల మందిలో ఎలా?

కోట్లు అని ఊరికే అనలేదు. 2016 లెక్కల ప్రకారం దేశంలో సీఓపీడీ రోగులు దాదాపు 5.5 కోట్లు, ఆస్తమా రోగులు దాదాపు 3.8 కోట్లు. అప్పటికి ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం, దీర్ఘకాలిక శ్వాస జబ్బుల భారంలో 32 శాతం.

మా నానమ్మ జీవితంలో బీడీ ముట్టలేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. ఆ ఆయాసాన్ని వయసు అనుకుని ఏళ్లు గడిపేశాం. సీఓపీడీ అని తేలాక కూడా, మందు తొందరగా అయిపోతుందని ఇన్హేలర్‌ను రోజు విడిచి రోజు పీల్చేది. ఆమెకు కావాల్సింది సీ5 మందు కాదు. పదేళ్ల ముందు ఒక స్పైరోమెట్రీ పరీక్ష, పొగలేని పొయ్యి, నెలనెలా ఆగకుండా ఇన్హేలర్. బుడెసోనైడ్, సాల్బుటమాల్ 2022 అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. సీఓపీడీ, ఆస్తమా జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఉన్నాయి. కాగితం మీద ఉన్నది పీహెచ్‌సీ దాకా చేరడమే మిగిలిన పని.

అయితే అరుదైన జబ్బుల వారిని వదిలేద్దామా?

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారని నాకనిపిస్తుంది. 'ఒక్కరి మందు డబ్బుతో వేలమందికి ఇన్హేలర్లు' అని ఎథిక్స్ పేపర్‌లో ఉపయోగితావాదం రాసి ముగిస్తారు. లెక్క సరైనదే, కానీ అది ధరను ప్రకృతి నియమంలా తీసుకుంటోంది. ఎకులిజుమాబ్ అమెరికా ధర ఏడాదికి 4 లక్షల డాలర్లకు పైనే, అంటే 3 కోట్ల రూపాయలకు మించి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం, 2021 కింద ఇప్పుడు అందే సాయం గరిష్ఠంగా 50 లక్షలు. ఆ ధరకు అది రెండు నెలలు కూడా రాదు. ఆయుష్మాన్ భారత్ 5 లక్షల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి సాయం పరిమితి ఎంత పెంచాలన్నది రెండో ప్రశ్న. ధర ఎందుకు అంత ఉంది అన్నది మొదటి ప్రశ్న.

ధర తగ్గించడం మనకు కొత్త కాదు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు సొరాఫెనిబ్‌పై కంపల్సరీ లైసెన్స్ ఇచ్చినప్పుడు నెలకు 2.8 లక్షలున్న క్యాన్సర్ మందు 8,800 రూపాయలకు దిగింది. అయితే ఒక తేడా గమనించండి. సొరాఫెనిబ్ రసాయన మందు. ఎకులిజుమాబ్ జీవకణాల్లో తయారయ్యే యాంటీబాడీ. పేటెంట్ అడ్డు తీసేస్తే సరిపోదు, కణాల నుంచి ట్రయల్స్ దాకా అన్నీ కొత్తగా కట్టుకోవాలి. అది సాధ్యమేనని 2024లో అమెరికాలో ఆమోదం పొందిన రెండు ఎకులిజుమాబ్ బయోసిమిలర్లు చూపించాయి. మన బయోటెక్ పరిశ్రమకు ఇది అందని పని కాదు.

మరో విషయం మన దేశానికి ప్రత్యేకం. మన దేశపు అధ్యయనాల్లో ఏహెచ్‌యూఎస్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి కారణం ఫ్యాక్టర్ హెచ్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు. వీరిలో చాలామందికి ప్లాస్మా మార్పిడి, రోగనిరోధకతను తగ్గించే పాత మందులు పనిచేస్తాయి. అంటే ముందు సరైన పరీక్ష చేస్తే ఖరీదైన మందు ఎవరికి తప్పనిసరో తేలిపోతుంది. పరీక్షకు పెట్టే ఖర్చే పెద్ద పొదుపు.

ఏం చేయాలి?

ఒకటి, ప్రతి పీహెచ్‌సీలో ఇన్హేలర్లు, కనీసం ఏరియా ఆసుపత్రి స్థాయిలో స్పైరోమెట్రీ. ఉజ్వల కనెక్షన్‌తో పాటు పేద ఇళ్లకు రీఫిల్ భారం కాకుండా చూడాలి. రెండు, అరుదైన వ్యాధుల సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ విడివిడిగా కాక కలిసి కొనాలి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపవచ్చు అన్న నియమాలు రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి రోగి ఫలితం రిజిస్ట్రీలో నమోదవ్వాలి. మూడు, దేశీయ బయోసిమిలర్లకు ముందస్తు కొనుగోలు హామీ. నాలుగు, ఆస్తమా, సీఓపీడీల్లో ఈ మందులు ట్రయల్స్‌కే పరిమితం.

2014లో గాషే వ్యాధి ఉన్న ఒక బాలుడి కేసులో ఢిల్లీ హైకోర్టు, ఖరీదైనదన్న కారణంతో వైద్యం నిరాకరించలేరని చెప్పింది. 21వ అధికరణ అలాంటి పిల్లలకు ఎంత వర్తిస్తుందో, పొయ్యి ముందు ఊపిరి పోగొట్టుకున్న మా నానమ్మలాంటి వారికీ అంతే వర్తిస్తుంది. ఒకరికి కొత్త మందు కావాలి, ఇంకొకరికి పాత మందు చేరాలి. ఈ రెండింటినీ పోటీకి నిలబెట్టకుండా నడపగలగడమే రేపు మనం ఆ కుర్చీలో కూర్చుంటే చేయాల్సిన పని.

ప్రాక్టీస్ ప్రశ్న (జీఎస్-2, 250 పదాలు): 'అరుదైన వ్యాధుల చికిత్సలో అసలు సమస్య నిధుల కొరత కాదు, ధరల నిర్మాణం.' విమర్శనాత్మకంగా చర్చించండి.