కోట కొన్నవాడు ఏమి కొన్నాడు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనులలోను ముందు వేసుకున్న లెక్క ఒకటి, చివరకు తేలే లెక్క మరొకటి. ఈ నెల మేము ఒక కోటను గూర్చి వ్రాయదలచినాము. దూరదేశపు కోటతో మనకేమి పని అని పేజీ త్రిప్పవద్దు. రాజులతో మొదలైన ఈ కథ ఒక కుటుంబము దగ్గరకు వచ్చి ఆగుతుంది.

జర్మనీలో రైను, మోసెల్ నదుల వెంబడి, ఫ్రాన్సు దేశపు ద్రాక్షసీమలలో పాత కోటలు అప్పుడప్పుడు అమ్మకమునకు వస్తూ ఉంటాయి. మధ్యయుగపు కోట, బాగుచేసి ఉన్నది, చుట్టూ ద్రాక్షతోటలు అని ప్రకటన చూస్తే ఎవరికైనా మనస్సు లాగుతుంది. అయితే అటువంటి కోటను కొన్నవానికి చేతికి వచ్చేదేమిటి? ఈ ప్రశ్నకు మోసెల్ ఒడ్డున ఉన్న కోఖెమ్ కోట చరిత్ర మంచి జవాబు చెబుతుంది.

కొండవాలు మీద తోట

మోసెల్ నది ఫ్రాన్సులో పుట్టి, జర్మనీలోని కోబ్లెంజ్ పట్టణము వద్ద రైనులో కలుస్తుంది. దాని ఒడ్డున కోఖెమ్ అనే చిన్న పట్టణమున్నది. ఊరికి పైన, నదికి 100 మీటర్లకు మించిన ఎత్తున కోట నిలిచి ఉన్నది. ఆ ప్రాంతపు కొండవాలులనిండా ద్రాక్షతోటలే. అవి చదునైన పొలములు కావు. అదే నది మీద బ్రెమ్ గ్రామము వద్దనున్న కాల్మోంట్ కొండవాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మనిషి నిలబడుటయే కష్టము, ట్రాక్టరు మాట చెప్పనక్కరలేదు. తీగె కత్తిరింపు, గెలల కోత చేతులతోనే జరగాలి.

ఆ నేలంతా పలకరాయి. పగలు ఎండవేడిని పట్టి ఉంచుకొని, రాత్రి చల్లబడినప్పుడు తీగెలకు ఇస్తుంది. అందుచేతనే అంత చలిదేశములోను రీస్లింగ్ అనే ద్రాక్ష పండుతున్నది. మన్ను జారిపోకుండ రైతులు రాతిమీద రాయి పేర్చి అడ్డుగోడలు కట్టుకున్నారు. గోడలో ఒక రాయి ఊడితే వెంటనే పెట్టుకోవాలి. ఆలస్యము చేస్తే వాననీరు గోడను, గోడతోపాటు మన్నును లాగుకొని పోతుంది.

తాకట్టు పెట్టిన రాజు

కోఖెమ్ కోట పేరు మొదట 1130 నాటి పత్రములలో కనబడుతుంది. 1151లో రాజైన మూడవ కోన్రాడ్ సైన్యముతో వచ్చి దానిని పట్టుకున్నాడు. అప్పటినుండి అది రాజుల కోట. 1294లో అడాల్ఫ్ అనే రాజుకు డబ్బు అవసరమై, కోటను, పట్టణమును, చుట్టునున్న 50 గ్రామములను ట్రియర్ ఆర్చిబిషపు వద్ద తాకట్టు పెట్టాడు. అతడు గాని, అతని తరువాతి రాజు గాని విడిపించుకోలేకపోయారు. దాదాపు 500 సంవత్సరములు అది ఆర్చిబిషపుల చేతిలోనే ఉండిపోయినది. తాకట్టు పెట్టునప్పుడు రాజైనా, కూలివాడైనా "కొద్ది రోజులలో విడిపించుకుంటాను" అనే అనుకుంటాడు.

1688లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ సైన్యము కోటను పట్టుకున్నది. 1689 మే నెలలో దానికి నిప్పంటించి, మందు కూరి ప్రేల్చివేసినది. క్రింది ఊరును కూడ విడిచిపెట్టలేదు. తరువాత ఇంచుమించు 180 సంవత్సరములు అది పాడుపడిన గోడలే.

ఇనుము వ్యాపారి

1868లో ఆ గోడలను బెర్లిన్ నగరపు ఇనుము వ్యాపారి లూయీ రావెనే కొన్నాడు. ధర 300 బంగారు మార్కులని కోట చరిత్రలో చెబుతారు. ఈ రావెనే వంశస్థులు హ్యూగెనోలు, అనగా ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టంటులు. 1598లో వారికి నాంత్ శాసనము ద్వారా లభించిన ఆరాధన స్వేచ్ఛను 1685లో పదునాలుగవ లూయీ రద్దు చేయగా, లక్షలాదిమంది ఇండ్లు వాకిళ్ళు విడిచి పరదేశములకు పారిపోయారు. ఆ సంవత్సరమే బ్రాండెన్‌బర్గ్ పాలకుడు పోట్స్‌డామ్ నుండి శాసనము పంపి వారిని తన దేశమునకు ఆహ్వానించాడు. బెర్లిన్ అనేకులకు ఆశ్రయమైనది. ఏ రాజు ఈ విశ్వాసులను తరిమాడో, ఆ రాజు సైన్యము కూల్చిన కోటను ఈ విశ్వాసుల సంతతివాడు తిరిగి లేపాడు. చరిత్రలో ఇట్టి సంగతులు కొన్ని ఉన్నవి.

రావెనే 1576 నాటి ఒక పాత చిత్రమును చూపించి పని చేయించాడు. మిగిలిన పాత గోడలను కలుపుకొని, పై కట్టడమంతా తన కాలపు ఇష్టము ప్రకారము కట్టించాడు. కాబట్టి నేడు మధ్యయుగపు కోట అని చూచి ఆశ్చర్యపడేవారు చాలవరకు చూచేది 19వ శతాబ్దపు పనినే. బాగుచేసిన కోటను కొనేవాడు ముందుగా తెలుసుకోవలసిన మాట ఇది.

కుటుంబము వేసవికాలము గడుపుటకే అతడు ఆ కోటను సిద్ధము చేయించుచుండెను. పని సాగుచుండగానే, 1874లో, అతనికంటె ఇరువది ఏండ్లకు పైగా చిన్నదైన భార్య తెరేసా అతనిని, పిల్లలను విడిచి మరియొకనితో వెళ్ళిపోయినది. కోట 1877లో పూర్తియైనది. 1879లో రావెనే మరణించాడు. తొమ్మిదేండ్లు కట్టించిన కోట పూర్తియైన తరువాత అతనికి రెండేండ్లే దక్కినది.

ఈ సంగతి ఆధారముగా ఫోంటానే అనే జర్మను రచయిత ఒక నవల వ్రాశాడు. అది 1882లో పుస్తకముగా వెలువడినది. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని యేసు ఎదుట నిలువబెట్టిన సంగతిని టింటొరెట్టో అనే ఇటలీ చిత్రకారుడు చిత్రించాడు. ఆ చిత్రము పేరే ఈ నవలకు పేరు. ఆ స్త్రీమీద మొదటి రాయి ఎవరును వేయలేదని మనకు తెలుసు. కనుక మేమును తెరేసామీద రాయి ఎత్తము. కోట కట్టుటవలననే ఆ కాపురము చెడినదనుట కూడ న్యాయము కాదు. అయితే రాళ్ళ గోడలకు పని జరుగుచున్న ఆ సంవత్సరములలోనే ఇంటిలోని గోడ ఒకటి పడిపోయినదనుట వాస్తవము.

ఊరివారి చేతికి

రావెనే కుమారుడు రెండవ ప్రపంచయుద్ధ కాలములో, నాజీ ప్రభుత్వపు ఒత్తిడి క్రింద, న్యాయశాఖకు కోటను అమ్ముకోవలసి వచ్చినది. యుద్ధము తరువాత అది రాష్ట్రప్రభుత్వమునకు చెందినది. 1978లో కోఖెమ్ పట్టణమే దానిని 6 లక్షల 64 వేల మార్కులకు కొన్నది. 1689లో కోటతోపాటు కాలిపోయిన ఊరు చివరకు దానికి యజమాని అయినది. నేడు చూడవచ్చువారు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళుచున్నారు.

ఇది తెలివైన ఏర్పాటని మా అభిప్రాయము. కోట ధర ఒక్కసారి చెల్లించేది. పైకప్పు, చెమ్మ, చలికాలపు వెచ్చదనము, పడిపోయే గోడలు, వీటి ఖర్చు మాత్రము ఏటేటా వస్తుంది. పైగా అట్టి కట్టడములకు జర్మనీలో చట్టపు రక్షణ ఉన్నది. యజమాని తన ఇష్టము వచ్చినట్లు కిటికీ కూడ మార్చలేడు. అందుచేతనే ఎంతో ఆశతో కొన్న కోటలు కొన్నేండ్లకే మరల అమ్మకమునకు వచ్చుట కద్దు.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనును గదా అని ప్రభువు అడిగిన ప్రశ్న లూకా 14వ అధ్యాయములో ఉన్నది. మనలో చాలమంది ఇల్లు కట్టునప్పుడు ఇటుక, సిమెంటు, ఇనుము, కూలి లెక్క వ్రాస్తారు. అప్పు తెస్తే వడ్డీ కూడ వ్రాస్తారు. ఆ అప్పు తీర్చుటకు భర్త పరాయి ఊరిలో ఎన్నేండ్లు ఉండవలెను, భార్య ఒంటరిగా ఎన్ని రాత్రులు గడపవలెను, పిల్లలు తండ్రి మాట వినక ఎన్నేండ్లు పెరుగుదురు? ఈ పద్దులు కూడ ఆ కాగితముమీదకు ఎక్కవలెను. అప్పుడు గదులు నాలుగా, రెండా అనే మాట ఇద్దరును కలిసి తేల్చుకోగలరు.

మోసెల్ రైతు ఊడిన రాయిని వచ్చే ఏటికి వాయిదా వేయడు. ఇంటిలో ముభావముగా గడచిన ఒక వారము కూడ అట్టి రాయియే. ఈ రాత్రి అన్నము దగ్గర ఆ మాట ఎత్తండి.