అయిదు మార్కుల గడిలో నవల

తొమ్మిదో తరగతి గదిలోంచి గోల వినబడితే వరండాలో వెళ్లేవాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే: తెలుగు సారు పాఠం చెప్పడం లేదు, కబుర్లాడిస్తున్నాడు. ఆ గోల కేశవరెడ్డి నవల గురించి అంటే నమ్మరు. నమ్మినా, "సిలబస్ ఎంతవరకొచ్చింది?" అంటారు.

నవల 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన చూలుపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. అక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తాను. "మీరైతే వెళ్తారా?" అంతే, ఇక నాకు పని ఉండదు. పాఠం చదవమంటే తలెత్తని పిల్లాడొకడు, ఇంట్లో గొర్రెలున్నవాడు, లేచి నిలబడ్డాడు. ఈనిన జీవం దగ్గరికి ఎటువైపు నుంచి పోవాలో, కళ్లు ఎర్రజేస్తే ఎంత దూరంలో ఆగిపోవాలో చేతులు తిప్పుతూ చెప్పాడు. మొదటి బెంచీ ర్యాంకర్లు నోరెళ్లబెట్టి విన్నారు.

తర్వాత ఒకరిని కుర్చీలో కూర్చోబెడతాం. వాడే ముసలివాడు. తక్కినవాళ్లు అడుగుతుంటే 'నేను' అంటూనే జవాబివ్వాలి. నవల పూర్తయ్యాక అసలు తగువు: అతను నిజంగా జయించాడా? ఎటైనా వాదించొచ్చు, కానీ ఏ పేజీ చూసి అంటున్నావో చూపించాలి. ఆ ఒక్క షరతుతో, పుస్తకం ముట్టనివాళ్లు కూడా వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతారు. "ముసలివాని స్వభావమును వివరింపుము" అన్న ప్రశ్నతో ఇది ఏనాడూ జరగలేదు. దానికి జవాబు గైడులో ఉంటుంది మరి.

ఇది నా సొంత పైత్యమేమీ కాదు. పాఠకుడు తన బతుకుతో వచ్చి కలిస్తేనే రచనకు అర్థం పుడుతుందని అమెరికాలో లూయీజ్ రోసెన్‌బ్లాట్ 1938లోనే పుస్తకం రాసింది. అంతదూరం ఎందుకు, మన ఫార్మేటివ్ పరీక్షల్లోనే ఇరవై మార్కుల్లో అయిదు పిల్లల ప్రతిస్పందనలకు పెట్టారు. పెట్టినవాళ్లకు దండం. ఆ అయిదూ ఎలా పడుతున్నాయో కూడా చూస్తే బాగుండేది. ఒకడు రాసిన పుస్తక సమీక్షను అక్షరం పొల్లుపోకుండా క్లాసంతా ఎక్కించుకుంటారు, రిజిస్టరు ముందురోజు రాత్రి నిండుతుంది, అందరికీ నాలుగున్నర. నిజంగా మాట్లాడించిన టీచరుకూ అదే నాలుగున్నర, పైగా సిలబస్ వెనకబడిందని మెమో.

పదో తరగతి ఉపవాచకం రామాయణం. దానితో నాకు పేచీ లేదు. కానీ పద్నాలుగేళ్లవాళ్లు తమలాంటి మనుషులున్న నవల ఒక్కటైనా క్లాసులో తెరిచి కొట్లాడుకోవద్దా? నేనడిగేది కొత్త పథకం కాదు. ఇద్దరికొకటి చొప్పున నవల ప్రతులు, వారంలో ఒకరోజు పక్కపక్కన రెండు పీరియడ్లు, గైడులో దొరకని ప్రశ్న పరీక్షలో ఒకటి. ఆ పీరియడ్లను మాత్రం లెక్కల సారుకు రివిజన్‌కని ఇచ్చేయకండి.