వల వేసినది ఒకరికి, చిక్కినది మరొకరు

ఫలానా జంతుజాతి అంతరించుచున్నదను వార్త పత్రికలలో తరచు కనబడుచునే యున్నది. చదివి, అయ్యో యని, పుట త్రిప్పుట మనకు అలవాటైనది. మెక్సికో దేశపు సముద్రములోని వాకీటా అను జీవి సంగతి మాత్రము అట్లు దాటవేయదగినది కాదని మా అభిప్రాయము. ఏలయన ఈ ప్రాణికి వేటగాడు లేడు. దీని మాంసము నెవరును కోరరు, చర్మము నెవరును కొనరు. అయినను ఇది నశించుచున్నది.

వాకీటా యనగా స్పానిష్ భాషలో చిట్టి ఆవు. తిమింగిలములు, డాల్ఫిన్‌లు చేరిన వర్గములో మిక్కిలి చిన్న జీవులలో ఇది యొకటి. పొడవు ఒకటిన్నర మీటరు, బరువు సుమారు 50 కిలోలు. కన్నుల చుట్టును పెదవుల చుట్టును కాటుక దిద్దినట్లు నల్లని వలయము లుండును. కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసను తప్ప ప్రపంచమున మరెక్కడను లేదు. 1958లో గాని శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టలేదు. 1997 నాటి అంచనాలో సుమారు 567 ఉన్నవని తేలెను. 2008లో 245, 2016లో 30. 2023లో పరిశీలకులకు కనబడినవి 10 నుండి 13 వరకు. 2024లో 6 నుండి 8. మన తరగతి గదిలో రెండు బెంచీలైన నిండని సంఖ్య!

కారణము టొటోవాబా అను పెద్ద చేప. దాని కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి చైనాకు దొంగతనముగా చేరవేయుదురు. అచ్చటి ధనికులు దానిని సూపుగా కాచుకొని త్రాగుదురు, ఔషధమని నమ్ముదురు. ఒక కిలో వేల డాలర్లు పలుకును. పూర్వము చైనా సముద్రములోనే ఇట్టి చేప యుండెడిది. దానిని దాదాపు తుడిచిపెట్టిన పిదప వర్తకుల చూపు మెక్సికోపై పడినది. ఈ చేపకై నీటిలో గోడవలె నిలుపు నైలాన్ వలలలో వాకీటా చిక్కుకొనును. ఇది మనవలె గాలి పీల్చు ప్రాణి గదా! పైకి రాలేక నిమిషములలో ఊపిరాడక మరణించును. రొయ్యలకై వేయు వలలును ఇట్టి హానియే చేసినవి.

ఇది దూరదేశపు గొడవ యనువారికి ఒక్క మాట. మన కోస్తా జాలరులు ఎరిగిన కచిడి చేప టొటోవాబాకు దాయాదియే. దాని గాలితిత్తి కొరకే ఒక్కొక్క కచిడి లక్షల రూపాయలకు అమ్ముడుపోయెనని మన పత్రికలు వ్రాయుచుండును. ఆనాడు ఆ జాలరి ఇంట పండుగే. మెక్సికోలోని సాన్ ఫెలిపే జాలరి ఇంటను అంతే. కనుక ఆ జాలరిని దుర్మార్గుడని తిట్టుటకు మాకు నోరు రాదు.

మెక్సికో ప్రభుత్వము చట్టములు చేయలేదా? చేసినది, ఒకటి కాదు. టొటోవాబా వేటను 1975లోనే నిషేధించినది. 1993లో రక్షిత మండలము, 2005లో వాకీటాకు ప్రత్యేకాశ్రయము ప్రకటించినది. 2015లో వలలను రెండేండ్లపాటు మాన్పించి పరిహార మిచ్చెను. ఆ పైకములో అధిక భాగము లైసెన్సులున్న పడవ యజమానుల చేతికే పోయినదనియు, కూలికి పోవు జాలరికి మిగిలినది స్వల్పమనియు అభియోగము వచ్చెను. 2018 చివర ఆ పైకమును నిలిచినది. ఇక ఆ జాలరి ఏమి చేయవలెను? 2020లో సంపూర్ణ నిషేధ ప్రాంతము నేర్పరచి, 2021లో ఆ నియమమును సడలించిరి. ఒక చేత కట్టి మరొక చేత విప్పిన ముడి యిది. నడుమ 2017లో శాస్త్రజ్ఞులు వాకీటాలను పట్టి సంరక్షింప బూనిరి. పట్టిన వానిలో ఒక ఆడ వాకీటా మరణించుటతో ఆ యత్నము విరమించిరి.

కాగితములు చేయలేని పనిని కొంతవరకు సిమెంటు చేసినది! 2022లో మెక్సికో నౌకాదళము ఆ నిషేధ ప్రాంతమున 193 కాంక్రీటు దిమ్మెలను, కొక్కెములు తగిలించి, సముద్రగర్భమున దించినది. వల వేసినచో చిరుగును. దానితో అచ్చట వలలు బాగుగా తగ్గినవి. అదే సంవత్సరము వాకీటా జన్యువులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, సంఖ్య తగ్గినంత మాత్రమున ఈ జాతికి నాశనము తప్పదనుట సరికాదనియు, వలల చావు ఆగినచో కోలుకొనగలదనియు తేల్చిరి. 2023లో పిల్లలును కనబడినవి. "ఇంకేమున్నది, చేయి దాటినది" యను పెద్దమనుషుల మాటను మే మంగీకరింపము. కాని దిమ్మెలు జాలరి పొయ్యి వెలిగింపవు. వాకీటాకు హాని చేయని సాధనము లున్నవి; వానితో పట్టు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ తేడా సొమ్మును పడవ యజమానికి గాక, వల లాగు చేతికే ఇచ్చుట మొదటి పని. గాలితిత్తుల వర్తకులను రేవులలో పట్టుట రెండవది. ఈ రెంటికిని వెనుదీసి వాకీటా బొమ్మలతో తపాలా బిళ్ళలు వేయుట వలన ప్రయోజనము లేదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. జంతుశాస్త్ర విద్యార్థుల విజ్ఞానయాత్ర ఏటేట జంతుప్రదర్శనశాలకే సాగుచున్నది. ఈ ఏడు కాకినాడ రేవుకు పంపుడు. కచిడితో పాటు వలలో మరేమేమి వచ్చునో, వచ్చిన వానిని ఏమి చేయుదురో జాలరులనే అడిగి వ్రాసికొని రాగలము. ఆ నివేదికను వచ్చే సంచికలో ఉర్దూలోను తెలుగులోను ప్రచురింపవచ్చును.